ఫిల్టర్లో మిగిలిన పిప్పి

ఈలై పారిజర్ అనే అమెరికన్ రాసిన ‘ది ఫిల్టర్ బబుల్’ 2011లో వచ్చింది. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ మనం చూసే వార్తల్ని యంత్రాలు మనకోసం ఎలా ఏరిపెడుతున్నాయో చెప్పి బాగా పేరు తెచ్చుకున్న పుస్తకం. ఇన్నేళ్ల తర్వాత దాని గొడవ ఇప్పుడెందుకమ్మా అంటారేమో! ఆ రోజుల్లో అది చదువుకున్న నలుగురి గొడవ. ఇవాళ పొయ్యి మీద పప్పు పెట్టి, కుక్కరు కూతపెట్టేలోగా ఫోను చేతిలోకి తీసుకునే ప్రతి ఇల్లాలి గొడవానూ.

పారిజర్ ‘మూవాన్’ అనే రాజకీయ సంస్థని నడిపినవాడు. వామపక్షం వైపు మొగ్గు. అయినా ఎదటిపక్షం వాళ్లేమనుకుంటున్నారో తెలుసుకుందామని ఫేస్‌బుక్‌లో వాళ్లనీ స్నేహితులుగా పెట్టుకున్నాడు. కొన్నాళ్లకి చూస్తే వాళ్ల మాటలేవీ కనపడ్డం లేదు. ఎవరూ పోట్లాడి వెళ్లిపోలేదు. ఈయన తనవాళ్లు పంపినవే ఎక్కువ తెరిచి చూస్తున్నాడని యంత్రం లెక్కకట్టి, మిగతావాళ్లని చప్పుడు కాకుండా తప్పించింది.

రెండో ఉదాహరణ ఇంకా బావుంది. 2010 ఏప్రిల్లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి దగ్గర పేలుడు జరిగి 11 మంది చనిపోయారు. నెలల తరబడి చమురు సముద్రంలోకి పారింది. ఆ రోజుల్లో తన స్నేహితురాళ్లిద్దరిని, ఆ కంపెనీ పేరు ‘బీపీ’ అని గూగుల్లో కొట్టి చూడమన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరి అభిప్రాయాలూ ఒక్కలాంటివే. ఒకావిడకి ప్రమాదం వార్తలొచ్చాయి. రెండో ఆవిడకి ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టడం గురించి వచ్చింది!

దీన్నే ఆయన వడపోత బుడగ అన్నాడు. మనకి ఫిల్టరు కొత్తేం కాదు. కానీ కాఫీ ఫిల్టరు మూత తీస్తే పై గిన్నెలో పిప్పి కనపడుతుంది. డికాషన్ పల్చగా దిగితే పొడి తక్కువైందని మనకే తెలుస్తుంది. ఈ వార్తల ఫిల్టర్లో దిగినదే మన కంటపడుతుంది. మిగిలిందెంతో, అదేమిటో ఎవరూ చూపించరు. ఈ సంగతి చెప్పడంలో పారిజర్‌ది గట్టి చెయ్యి.

మన పత్రికలు నిష్పక్షపాతంగా వుండేవని నేను అనబోవడం లేదు. 1983 ఎన్నికలకి ముందు ‘ఈనాడు’ ఎవరి తరపునో చిన్నపిల్లల్నడిగినా చెప్పేవాళ్లు. 2008లో ‘సాక్షి’ వచ్చినప్పుడు అది ఎవరిదో దాచలేదు కూడా. పేపరు పేరు చూసి ఎంత నమ్మాలో, ఎంత తీసెయ్యాలో మనకి అలవాటే. పక్కింటివాళ్లు రెండోది తెప్పిస్తే మధ్యాహ్నం అడిగి తెచ్చుకునేవాళ్లం. ఫోన్లో వార్తల్ని వరుసపెట్టిన వాడికి పేరూ లేదు, బోర్డూ లేదు.

ఇంతవరకూ ఆయనతో నాకు పేచీ లేదు. బుడగలో మనవాళ్ల మాటలే వినపడతాయంటాడు చూడండి, అక్కడ ఒప్పుకోలేను. ఎదటిపక్షం వాళ్లు నా ఫోన్లోకి రోజూ వస్తూనే వున్నారు. కాకపోతే వాళ్లల్లో అందరికంటె తలతిక్కగా మాట్లాడినవాడే వస్తాడు. యంత్రం చూసేది మన వేలు ఎక్కడ ఆగిందన్నదే. కోపమొచ్చిన చోట వేలు ఆగుతుంది మరి! 2017 నుంచి ఫేస్‌బుక్ లెక్కల్లో ‘లైకు’కి ఒక మార్కయితే, కోపం ముఖంతో సహా ఆ ముఖాల బొమ్మలకి అయిదు మార్కులుండేవిట. 2021లో బయటపడ్డ ఆ కంపెనీ కాగితాల వల్ల ఇది తెలిసింది. తగ్గిస్తూ తగ్గిస్తూ 2020లో కోపం బొమ్మకి సున్నా వేశారు. ఈలోగా మన దేశంలో 2019 ఎన్నికలు జరిగిపోయాయి.

ఆ కాగితాల్లోనే మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటుంది. 2019 ఫిబ్రవరిలో ఆ కంపెనీవాళ్లే, ఇక్కడి 21 ఏళ్ల అమ్మాయి అని చెప్పి ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచారు. యంత్రం చూడమన్నవే చూస్తూ పోయారు. అదే నెల 14న పుల్వామా దాడి. మూడు వారాలయ్యేసరికి ఆ పిల్ల తెరనిండా శవాల బొమ్మలు, ద్వేషం, కల్లబొల్లి వార్తలు. లేని అమ్మాయి కనక సరిపోయింది.

మా ఆడపడుచుకీ నాకూ రాజకీయాల్లో చుక్కెదురు. “మీవాళ్లు ఇలా అన్నారటగా వదినా!” అని ఫోను చేస్తుంది. ఆ మాటన్న మనిషి పేరైనా నేనెప్పుడూ విని వుండను. ఆవిడకి మాత్రం మా పక్షమంటే ఆ మొహమే. నేను చెప్పే వాళ్లవాళ్ల పేర్లూ ఆవిడకి అంతే. రెండువైపులా వున్న నెమ్మదస్తులే పిప్పిలా పైగిన్నెలో వుండిపోయారని నా అనుమానం. పారిజర్ పుస్తకంలో వీళ్ల వూసు లేదు.

ఇంకొకటి కూడా ఆయనకి తట్టలేదు. ఆయన లెక్కలో మనిషికొక యంత్రం. మన ఇళ్లల్లో ఒకే ఫోన్లో అత్తగారి ప్రవచనం, మనవడి బొమ్మల సినిమా, మన వంటలూ నడుస్తాయి. అందర్నీ కలిపి యంత్రం ఎవర్ని ఊహించుకుంటుందో! పదేళ్ల వయసు, మోకాళ్ల నొప్పులు, గుత్తివంకాయంటే ప్రాణం.

పోనీ, ఏదో ఒక పక్షం వైపు మొగ్గు నిజంగా వుందా? 2021లో ట్విట్టర్ కంపెనీయే తన యంత్రాన్ని పరీక్షించుకుంది. ఏడు దేశాల్లో చూస్తే, జర్మనీ తప్ప ఆరింట్లోనూ మితవాద నాయకుల మాటలే ఎక్కువగా ముందుకొస్తున్నాయని తేలింది. ఎందుకో తమకీ తెలియదని వాళ్లే ఒప్పుకున్నారు. కూర ఇలా ఎందుకు కుదిరిందో వండినవాళ్లకే తెలియదన్నమాట!

యంత్రాన్నే తిట్టడమూ న్యాయం కాదు. ఎదటిపక్షం మాట మనదాకా రాకుండా ఆపేది యంత్రం కంటె మన ఎంపికే ఎక్కువని 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. రాసింది ఫేస్‌బుక్ వుద్యోగులే కనక నేను సగమే నమ్మాను. 2020 అమెరికా ఎన్నికలప్పుడు కొంతమందికి మూడు నెలలపాటు ఏరకుండా, తేదీల వరుసలోనే చూపించారు. అభిప్రాయాలు పెద్దగా మారలేదని 2023లో తేల్చారు. ఏళ్ల తరబడి పేరుకున్న పగ మూడు నెలల్లో పోతుందా?

పారిజర్ చెప్పిన మందులు మాత్రం నీళ్లమందులే. కంప్యూటర్లో కుకీలు తుడిచెయ్యమంటాడు. పైగా 2012లో ఆయనే ‘అప్‌వర్తీ’ అని మొదలుపెట్టి, ఊరించే శీర్షికలతో ఫేస్‌బుక్ మీద ఆధారపడే బతికించాడు! అయితే కంపెనీలకి పగ్గం వుండాలన్న ఆయన కోరిక కొంత నెరవేరింది. మన అలవాట్ల లెక్కతో పనిలేని వరుస కూడా చూపించి తీరాలన్న చట్టం యూరప్‌లోని పెద్ద కంపెనీలకి 2023 ఆగస్టు నుంచి అమల్లోకొచ్చింది.

పుస్తకం దొరికితే రెండో అధ్యాయం తప్పకుండా చదవండి. పత్రికా సంపాదకుల పని యంత్రం చేతికి ఎలా పోయిందో అక్కడుంది. చివర్లో వచ్చే జోస్యాలు చాలామటుకు పాతబడ్డాయి, దాటెయ్యొచ్చు.