కడలి కడుపులో తోకచుక్క

ఓ నీలాల ఆల్చిప్పా! స్పెయిన్ వాయవ్యాన, గలీసియా తీరంలో, కెరటం కొట్టే రాతిని కరుచుకునీ, తెప్పల కింది తాళ్లకు గుత్తులుగా వేలాడీ నువ్వు చేసిన తపస్సు ఒక్కటే. గంటకు లీటర్ల కొద్దీ కడలినీటిని మొప్పల్లో వడగట్టి, నలుసంత ఆహారం ఉంచుకుని, తేటనీటిని తిరిగి కడలికే ధారపోశావు. అడగని సేవ, ఆగని సేవ!

2002 నవంబరులో, మృత్యుతీరమని పేరుపడ్డ ఆ ఒడ్డుకు ఎదురుగా, నడిసంద్రంలో ప్రెస్టీజ్ నౌక రెండు ముక్కలై మునిగింది. దాని గర్భంలో 77,000 టన్నుల చిక్కటి ఇంధనతైలం. అమావాస్య కరిగి అలలెక్కింది. ఎక్కడెక్కడి నుంచో వేలమంది తెల్లటి దుస్తులు తొడుక్కుని వచ్చారు. రాళ్లు తుడిచారు, ఇసుక ఎత్తారు, రెక్కలంటుకుపోయిన పక్షులను కడిగారు. నీ కణంలోకి ఏ చెయ్యి రాగలదు తల్లీ?

పారిపోదామంటే కాళ్లు లేవు, మొరపెడదామంటే గొంతు లేదు. తైలంలోని హైడ్రోకార్బన్లు నీ ఊపిరితోనే లోపలికొచ్చాయి. విషాన్ని విరిచి వెళ్లగొట్టే శక్తి చేపకున్నంత నీకు లేదు. వచ్చింది వచ్చినట్టే పేరుకుంది. యుగయుగాలుగా నిన్ను నిన్నుగా నేసిన డీఎన్ఏ పోగు పుటుక్కున తెగింది.

శాస్త్రజ్ఞులు ఆ తీరపు ఆల్చిప్పల కణాలను జిగురుపొరలో పరిచి విద్యుత్తు పారించారు. చెక్కుచెదరని డీఎన్ఏ గుండ్రంగా నిలుస్తుంది. తెగిన ముక్కలు వెలుగుతోకలా వెనక సాగుతాయి. కామెట్ పరీక్ష, అంటే తోకచుక్క పరీక్ష, అంటారు దాన్ని. తోకచుక్క పొడిస్తే అరిష్టమని మన పెద్దలు ఆకాశం వంక చూసి వణికారు. అయ్యో, ఈ తోకచుక్క పొడిచింది కడలి కడుపులో! అరిష్టం అప్పటికే జరిగిపోయింది.

నీ గుణమే నీకు గండమయిందే! వడగట్టకపోతే నీకు బతుకు లేదు, వడగడితే విషం. తెగిన పోగులను కొంతవరకు నీ కణమే అతుక్కుంటుంది. ఆ ఓర్పును మేం అలుసుగా తీసుకున్నాం.

నష్టాన్ని టన్నుల్లోనూ యూరోల్లోనూ తూచి, ఒడ్డు తెల్లబడగానే లెక్క మూసేసే హక్కు మాకెవరిచ్చారు? చమురు మోసే నౌకలకూ, ఆ చమురుతో బతికే మాకూ ఈ పాపంలో వాటా ఉంది. రాయి ఎంత మెరిసినా సరే, నీ కణాల్లో ఆ తోకలు మాసిపోయాయని పరీక్షించి చూసేదాకా, ఆ తీరం బాగుపడిందని ఎవరూ అనకూడదు.