ఐదో స్థానంలో సున్నా

మా పక్కింటి మాస్టారు ఈ వారమంతా బ్యాంకు చుట్టూ తిరిగారు. జర్మనీలో ఉన్న కొడుకు డబ్బు పంపాలి, స్విఫ్ట్ కోడ్ కావాలన్నాడు. కౌంటర్లో ఐఎఫ్‌ఎస్‌సీ రాసిచ్చి, "ఇదేనండీ మాస్టారూ, వేసెయ్యమనండి" అన్నారు. అక్కడి బ్యాంకు దాన్ని తీసుకోలేదు. వింటుంటే నాకు ఒళ్లు మండింది.

ఆ రెండిటికీ తేడా పట్టడం ఏమంత కష్టం? మాస్టారి బ్యాంకు సంగతి వదిలేసి, మచ్చుకు స్టేట్ బ్యాంకును తీసుకోండి. రెండు కోడ్‌లూ 'ఎస్‌బీఐఎన్' అనే మొదలవుతాయి. ఐదో స్థానంలో సున్నా ఉంటే ఐఎఫ్‌ఎస్‌సీ, అది మన దేశంలో పంపకాలకు. అక్కడ 'ఐఎన్' అని దేశం గుర్తు ఉంటే స్విఫ్ట్. తర్వాతి 'బీబీ' ముంబైది. మొత్తం 8 అక్షరాలు, శాఖను కూడా చెప్పాలంటే మరో 3. చిన్న ఊళ్ల శాఖలు చాలావాటికి సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు, పెద్ద శాఖది ఇవ్వాలి.

పేరు చెబితే మనిషిని పోల్చుకునే రోజులే నయమని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. మా వీధిలో ఇద్దరు సత్యనారాయణలుండేవారు, ఇంటిపేరూ ఒకటే. మనియార్డరు వస్తే మా పోస్ట్‌మ్యాన్ ఫారం అడుగున రాసిన రెండు ముక్కలు చదివేవాడు. 'చెల్లి పెళ్లి ఖర్చులకు' అని ఉంటే, పెళ్లీడు కూతురున్న సత్యనారాయణగారి అరుగు ఎక్కేవాడు. మా పోస్ట్‌మ్యాన్ సెలవులో ఉన్నప్పుడు ఒకసారి బదులు వచ్చిన కుర్రాడు ఆ డబ్బు రెండో ఆయన చేతిలో పెట్టాడు. పెళ్లివారింట్లో ఆ పూట గొడవ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ పోస్ట్‌మ్యాన్ ఉన్నంతవరకే పేరు పనిచేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మన అరుగులు ఎవరికి తెలుసు? బ్యాంకులు టెలెక్స్‌లో వాక్యాలు రాసి పంపుకుని, వాటిని మనుషులు చదివి అర్థం చేసుకోవాల్సిన తంటా పడలేకే 1973లో 15 దేశాల 239 బ్యాంకులు కలిసి బ్రసెల్స్‌లో స్విఫ్ట్ సంస్థను పెట్టుకున్నాయి.

కోడే కావాలి, ఇంకా గట్టిది కావాలి. ఐరోపా వాళ్లు వాడే ఖాతా నంబరు ఐబాన్‌లో రెండు తనిఖీ అంకెలుంటాయి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. స్విఫ్ట్ కోడ్‌లో ఆ ఏర్పాటు లేదు, మన దేశం ఐబాన్ వాడదు. అలాంటిది వచ్చేవరకూ పాస్‌బుక్ మొదటి పేజీలో ఐఎఫ్‌ఎస్‌సీ కిందే, ఆ శాఖకు వచ్చే డబ్బుకు ఏ స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలో బ్యాంకులు అచ్చు వేయాలి.