తినే బొమ్మ

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో మా మేనల్లుడు ఫోనులో ప్యాక్‌మాన్ ఆడుతూ, “అత్తయ్యా, ముక్క తీసిన పిజ్జాను చూసి చేశారట ఈ బొమ్మ!” అన్నాడు.

సగమే నిజం. 1980లో నామ్కో కంపెనీకి ఈ ఆట రూపొందించిన జపానీయుడు తోరు ఇవతాని, తమ భాషలో ‘నోరు’ అనే చదరపు అక్షరాన్ని గుండ్రం చేశానని కూడా చెప్పాడు. దయ్యాలన్నీ ఒకేలా తరుముతాయనడం వట్టి అపోహ. ఎర్రది వెంటపడుతుంది, గులాబీది ముందుకెళ్లి దారి కాస్తుంది. ఆ పొందికకు వంక పెట్టలేం.

ఆడవాళ్లకు తిండంటే ఇష్టమనుకుని, వాళ్లనూ రప్పించాలనే తినే ఆట చేశాడన్నది మాత్రం నిజం. నవ్వొచ్చింది. కానీ ఇంటిల్లిపాదికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తినే మనల్ని ‘నీకేమిష్టం?’ అని అడిగిందెవరు?

తీరా ఆ ఆటలోనూ, తరిమేవాళ్లను తప్పించుకుంటేగాని నాలుగు మెతుకులు దక్కవు!