మంద మధ్య పెరగాల్సిన కుక్క

కంగల్ కుక్క గురించి అడిగేవాళ్లంతా ముందు బరువే అడుగుతారు. అడగదగ్గ బరువే. మగది భుజం దగ్గర 72 నుంచి 78 సెంటీమీటర్ల ఎత్తు, 48 నుంచి 60 కిలోల బరువు ఉండాలంటుంది అంతర్జాతీయ శునక సమాఖ్య ప్రమాణం. ఆడది 40 నుంచి 50 కిలోలు. గోధుమ వన్నె ఒళ్లు, మూతికి నల్ల ముసుగు, వీపు మీదికి చుట్ట తిరిగిన తోక. ఎదురుపడితే ఎవరైనా ఒకడుగు వెనక్కి వేస్తారు. ఇంత ఒళ్లు పెట్టుకుని అది పగలంతా మంద పక్కన ఊరికే పడుకుని ఉంటుంది. ఈ జాతి మీద నాకు మోజు పుట్టించింది ఆ పడుకోవడమే.

టర్కీ నడిమధ్య సివాస్ రాష్ట్రంలో కంగల్ ఓ చిన్న పట్టణం. చుట్టూ ఎత్తైన పీఠభూమి. చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. చలికాలం మంచు గడ్డకడుతుంది, ఎండాకాలం మాడిపోతుంది. తోకలో కొవ్వు దాచుకునే అక్కరమాన్ గొర్రెలు అక్కడివాళ్ల ఆస్తి. ఆ గొర్రెలను తోడేళ్ల నుంచి కాయడానికి పెంచిన కుక్క ఇది. బార్లీ పిండిని వేడినీళ్లతో కలిపి 'యల్' అనే ముద్ద చేసి పెడతారు. మెడకు ఇనుప ముళ్ల పట్టీ కడతారు, తోడేలు గొంతు అందుకోకుండా.

ఆ పట్టీని చూసి ఈ కుక్క బతుకంతా పోట్లాటే అనుకుంటారు. తోడేలు వైపు నుంచి ఆలోచిస్తే సంగతి వేరుగా ఉంటుంది. తోడేలు వచ్చేది ఆకలి తీర్చుకోవడానికి. కాలు విరిగితే రేపు వేట లేదు, వేట లేకపోతే చావే. ఎదురుగా తనకన్నా బరువైన జంతువు నిలబడి మొరుగుతుంటే చాలాసార్లు అది తిరిగిపోతుంది. కుక్కకు అంత ఒళ్లు ఉన్నందుకే పోట్లాట తప్పుతోంది. మంచి కంగల్ మిట్ట ఎక్కి పడుకుంటుంది, కాసేపటికి లేచి మందను ఓ చుట్టు చుట్టి వస్తుంది, గాలి వాలు చూసి చోటు మారుస్తుంది. కొత్త వాసన తగిలితే తోక లేపి, మందకూ ఆ వాసనకూ మధ్యకు వెళ్లి నిలబడుతుంది. గొర్రెలు దాని వెనక్కి చేరతాయి. శత్రువును కొంతదూరం తరిమి మళ్లీ వచ్చేస్తుంది. అదే పనిగా వెంటపడి పోతే మంద ఒంటరైపోతుంది కదా. కాటు ఆఖరి మాట. వీడియోల్లో దాని కాటు బలానికి ఏవేవో అంకెలు చెబుతుంటారు. కాపరికి ఆ అంకెలతో పనిలేదు.

ఇదంతా రక్తంలోనే ఉంటుందా? సగమే ఉంటుంది. అమెరికాలో హాంప్‌షైర్ కాలేజీకి చెందిన రేమండ్ కాపింగర్, ఆయన భార్య లోర్నా 1970ల చివర్లో యూరప్ నుంచీ టర్కీ నుంచీ ఇలాంటి కుక్కలను తెచ్చి రైతుల మందల్లో పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. మంద మీద ధ్యాస, మందకు హాని చేయని నమ్మకం, ఆపదలో అడ్డు నిలబడటం: కాపలా కుక్కలో వాళ్లు చూసిన గుణాలు ఈ మూడే. గొర్రెలను తోలే బోర్డర్ కోలీలో చూపు నిలిపి నక్కుతూ తరిమే వేట వాసన మిగిలే ఉంటుంది. కాపలా జాతుల్లో ఆ వాసన దాదాపు కనిపించదు. ఇక మిగతా సగం పెంపకం. మూడో వారం నుంచి పదహారో వారం దాకా కూన ఎవరి మధ్య పెరిగితే వాళ్లే దాని వాళ్లవుతారు. అందుకే కూనను దొడ్డిలోనే ఉంచుతారు. అక్కడే తిండి, అక్కడే నిద్ర.

ఏడాది వయసులో కష్టకాలం వస్తుంది. ఒళ్లు ఏనుగు పిల్లంత, బుద్ధి ఇంకా పసిది. ఆటకని గొర్రెపిల్ల చెవి పట్టి లాగుతుంది, ఉన్ని పీకుతుంది. అప్పుడు కసిరి ఆపే మనిషి ఉండాలి. దూకుడు పిల్లను కొమ్ముతో పొడిచి బుద్ధి చెప్పే పొట్టేలు, మెడ నొక్కి కూర్చోబెట్టే ముసలి కుక్క ఉంటే ఇంకా మేలు. రెండేళ్లకు గానీ మందను దాని మీద వదిలి నిద్రపోలేరు. కాపరి నేర్పు కనిపించేది ఆ రెండేళ్ల ఓపికలోనే. దాని గురించి ఎవరూ వీడియోలు తీయరు.

ఈ నేర్పు దేశం దాటినా నిలిచింది. లారీ మార్కర్ నమీబియాలో 1990లో స్థాపించిన చీతా సంరక్షణ సంస్థ, 1994 నుంచి అనటోలియన్, కంగల్ కూనలను అక్కడి రైతులకు ఇస్తోంది. మేకలు పోతున్నాయని చీతాలను కాల్చిన రైతులే వాటిని బతకనివ్వడం మొదలుపెట్టారు. 2022 సెప్టెంబరులో మన కూనో జాతీయ పార్కుకు ఎనిమిది చీతాలు వచ్చింది ఆ నమీబియా నుంచే. చీతా బతకడంలో కుక్కకూ వాటా ఉందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మా పాలమూరు వైపు కురుమ, గొల్ల మందల వెంట కుక్కలు నడుస్తాయి. వాటికి జాతి పత్రాలు లేవు, 60 కిలోలు లేవు. రాత్రి ఎవరి చేలోనో మంద పెట్టినప్పుడు నాలుగు మూలలా పడుకుని మొరిగేది అవే. పని అదే, పెంపకమూ అదే: పుట్టింది మందలో, పెరిగింది గొర్రెల కాళ్ల మధ్య.

మొన్న కొంపల్లి నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కంగల్ పిల్ల దొరుకుతుందంటున్నరు, తీసుకోవాల్నా?" ఉండేది నాలుగో అంతస్తులో. వద్దన్నాను. పిలిచినా రాకుండా తన నిర్ణయం తను తీసుకోవడం మంద దగ్గర గొప్ప గుణం; లిఫ్టులో అదే ప్రమాదం. రాత్రంతా మొరగడం అక్కడ దాని పని, ఇక్కడ పక్కింటివాళ్ల ఫిర్యాదు. కాయడానికి గొర్రెలు లేకపోతే అది గుమ్మాన్ని కాస్తుంది, వచ్చిన ప్రతి చుట్టాన్నీ తోడేలు లెక్కన చూస్తుంది.

2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు రాసింది. అందులో కంగల్, అక్బాష్ లాంటి కాపలా జాతులూ ఉన్నాయి. సంబంధం ఉన్నవాళ్ల మాట వినలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ లేఖను కొట్టేసింది. జాతి పేరు చూసి నిషేధించడం నాకు నచ్చదు. కొనేవాడిని నాలుగు ప్రశ్నలు అడిగే నిబంధన వస్తే మాత్రం సంతకం పెట్టేవాళ్లలో ముందుంటాను. నీకు మంద ఉందా? ఎన్ని గొర్రెలు? రాత్రి వాటి దగ్గర ఎవరు పడుకుంటారు? రెండేళ్లు ఆగగలవా?