నీళ్లు లాగితే రావు

ఉదయగిరి, ఆత్మకూరు మధ్య మెట్టపల్లె మాది. చిన్నప్పుడు మా పెదనాయన ఆయిలింజనును బావి లోపలి గట్టు మీద పెట్టేవాడు. ఎండాకాలం నీళ్లు దిగేకొద్దీ నలుగురు మనుషులు, మోకు సాయంతో ఇంజనూ దిగేది. బావి నిండా పొగ. "పైన్నే పెట్టొచ్చు గదా పెదనాయనా?" అంటే, "ఇరవై అయిదు అడుగులు దాటితే అందుకోదు అబ్బయా" అన్నాడు. ఎందుకని అడిగితే పలకలా.

కాలేజీలో తెలిసింది. పంపు నీళ్లను లాగదు. గొట్టంలో గాలి తీసేస్తుంది, అంతే. బావి నీళ్ల మీద కూర్చున్న గాలి బరువే నీళ్లను పైకి నెడుతుంది. ఆ గాలి సత్తా మహా అయితే 34 అడుగులు. నీటి స్తంభం తన బరువుకు తానే తాడులా తెగిపోతుందని 1638 నాటి పుస్తకంలో గెలీలియో అనుకున్నాడు. ఆయన శిష్యుడు టారిచెల్లి 1643లో గాజుగొట్టంలో పాదరసం పోసి గాలి బరువు సంగతి తేల్చాడు. గొట్టం రాపిడి, ఫుట్‌వాల్వు తినేది పోగా మనకు మిగిలేది పెదనాయన చెప్పిన లెక్కే. కింద నుంచి నెట్టడానికి ఈ హద్దు లేదు. అందుకే ఇప్పుడు సబ్‌మెర్సిబుల్ మోటారు బోరులో నీళ్ల అడుగునే ఉంటుంది.

గొట్టాల అతుకులకు పెదనాయన పేడ మెత్తుతుంటే నవ్వుకునేవాణ్ణి. అది గాలి దూరకుండా వేసిన సీలు!

నన్నడిగితే ఇంజను కన్నా ఎద్దులతో నీళ్లు తోడే కపిలే గొప్ప. ఎద్దులు బాన లాగేటప్పుడు వాలులోకి దిగేవి, వాటి బరువూ పనికొచ్చేది. తోలేవాడు మోకు మీద కూర్చుంటే వాడి బరువు అదనం. ఎగువకు ఎక్కేటప్పుడు బాన ఖాళీ.

ఇంత తెలిసిన నేను నిమ్మతోట డ్రిప్పుకు పది అడుగుల దిమ్మె కట్టించి, తోపు బాగా వస్తుందని అయిదు వేల లీటర్ల ట్యాంకు ఎక్కించాను. డ్రిప్పుకు కిలో ప్రెషర్ కావాలి, అంటే దాదాపు 33 అడుగుల ఎత్తు. చివరి వరసల్లో చుక్క పడలేదు. పెదనాయన చేతికర్రతో తోటంతా తిరిగొచ్చి, దిమ్మె కింద నిలబడి తలెత్తి చూశాడు.

"ఎంత ఎత్తు కట్టించావురా?" అన్నాడు. ట్యాంకు ఎన్ని లీటర్లదని అడగలేదు.