స్వయంచాలక డీఫ్రాగ్మెంటేషన్ – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒక ఫైలు హార్డ్ డిస్క్ మీద ముక్కలుగా ఎలా చెదిరిపోతుందో ఇంతకుముందు తెలుసుకున్నారు. ఆ ముక్కలను ఒకచోట చేర్చడాన్నే డీఫ్రాగ్మెంటేషన్ అంటాం. ఈ పనిని కంప్యూటర్‌కే వదిలేయడం ఎంతవరకు సబబో ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. "వారానికొకసారి డీఫ్రాగ్ చేయండి, కంప్యూటర్ వేగం పెరుగుతుంది" అని నేను చాలా ఏళ్లు తరగతిలో చెప్పాను. అది సగమే నిజం. మిగతా సగాన్ని ఇక్కడ సరిదిద్దుకుంటాను.

మొదట లెక్క చూడండి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన భాగం హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు కావాలి. హెడ్ జరగడానికి మరో 9 అనుకుంటే, ముక్క ముక్కకూ 13 మిల్లీసెకన్ల ఆలస్యం. ఫైలు 100 ముక్కలైతే 1.3 సెకన్లు. కాబట్టి సమస్య కల్పితం కాదు.

2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా, ప్రతి బుధవారం అర్ధరాత్రి దాటాక 1 గంటకు ఈ పని దానంతటదే జరిగేలా ఏర్పాటు చేసింది. ఇతర పనులకు అడ్డురాకుండా దీనికి తక్కువ ప్రాధాన్యం ఇచ్చింది. 64 మెగాబైట్ల కంటే పెద్ద ముక్కలను కదపకుండా వదిలేసింది. ఇది తెలివైన నిర్ణయం. సెకనుకు 100 మెగాబైట్లు చదివే డిస్క్‌కు అంత ముక్క చదవడానికే 640 మిల్లీసెకన్లు పడుతుంది. దాని పక్కన 13 మిల్లీసెకన్లు 2 శాతమే.

అయితే ఒక లోపం ఉంది. విండోస్ ఎక్స్‌పీలో డిస్క్ స్థితిని చూపిన రంగుల పటాన్ని విస్టాలో తీసేశారు. పని ఎంత జరిగిందో అందులో వాడుకరికి కనబడేది కాదు. సౌకర్యం పెరిగింది కానీ, తెలుసుకునే అవకాశం తగ్గింది. నేర్చుకునే మీవంటి వారికి ఇది చిన్న నష్టం కాదు.

ఇక నేను చెప్పని మిగతా సగం. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే హెడ్ లేదు. ముక్కలను చేర్చినా వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాదు; పైగా పరిమితంగానే రాయగల మెమరీ కణాలు అరుగుతాయి. అందుకే 2009 నాటి విండోస్ 7, తాను గుర్తించిన ఎస్‌ఎస్‌డీలకు ఈ షెడ్యూలును నిలిపివేసింది. నిన్న మేలు చేసిన అలవాటు నేడు అనవసరమైంది.

కంప్యూటర్ నెమ్మదించగానే డిస్క్‌ను నిందించకండి. ముందు టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వినియోగం చూడండి. అది నిండిపోయి ఉంటే ఎన్నిసార్లు డీఫ్రాగ్ చేసినా ఆ కొరత తీరదు. వేగం పెంచుతామనే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు చెల్లించే ముందు మీరే కొలవండి: కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, ఒక ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి పట్టే సమయాన్ని మూడుసార్లు నమోదు చేయండి. డీఫ్రాగ్ తర్వాత అలాగే మళ్లీ కొలవండి. తేడా కనబడితేనే నమ్మండి. ఇది నా మాటకూ వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై లెక్క ప్రకారం 250 ముక్కలైన ఫైలుకు ఎంత ఆలస్యం అవుతుంది? అదే ఫైలు ఎస్‌ఎస్‌డీలో ఉంటే ఈ లెక్క ఎందుకు వర్తించదు?