విద్యార్థి రచనల భాండాగారం

పదవ తరగతిలో విద్యార్థికి వచ్చిన మార్కులు ఎన్నేండ్లకైనా దొరుకుతవి. 2015లో ఆరంభమైన డిజిలాకర్ వంటి ఏర్పాట్లు ఆ పట్టికలను అరచేతిలోనికి తెచ్చినవి. కాని బడిలో ఆ విద్యార్థి వ్రాసిన వ్రాత దొరకదు. వ్యాసాల నోటుపుస్తకం వేసవి సెలవులలో పాతకాగితాల బండికి పోతుంది. లిఖితపత్రికకు ఉండేది ఒకటే ప్రతి. బీరువాకు చెదలు పట్టిననాడు దాని కథ ముగుస్తుంది. ఈ నష్టాన్ని గుర్తించి, విద్యార్థుల రచనలను సర్వరులో భద్రపరచవలెనని తలపెట్టే పాఠశాలలు లేకపోలేదు. అయితే ఆ సర్వరు నిర్మాణం కేవలం యంత్రజ్ఞుని పని అనుకోవడం పొరపాటు. ఏది మూలపాఠం, ఎవరు కర్త, ఎవరు పాఠకుడు అన్న ప్రశ్నలకు ఆ నిర్మాణం ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. అవి గ్రంథపరిష్కర్త ప్రశ్నలు, విమర్శకుని ప్రశ్నలు.

తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్నల విలువ తెలియనిది కాదు. 1897 నాటి కన్యాశుల్కం, 1909 నాటి కన్యాశుల్కం రెండూ మిగిలినవి కనుకనే గురజాడ నాటకశిల్పం ఎట్లు పెరిగినదో విమర్శకులు నిరూపించగలిగినారు. రెండవది మేలైనదని మొదటిదానిని ఎవరైనా తొలగించి ఉంటే ఆ చర్చకు ఆధారమే ఉండేది కాదు. ఆయన విద్యార్థి దశలో ఇంగ్లీషున వ్రాసిన 'సారంగధర' 1883లో 'ఇండియన్ లీజర్ అవర్'లో వెలువడి, పిదప కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ 'రీస్ అండ్ రయ్యత్'లో పునర్ముద్రణ పొందింది. రెండు ఊళ్ళలో అచ్చు కావడం ఆ రచన అదృష్టం. అచ్చుకు నోచుకోని బాలుని వ్రాతకు అటువంటి అదృష్టాన్ని పాఠశాలయే కల్పించవలెను.

ఎలక్ట్రానిక్ భాండాగారాలకు ప్రమాణంగా చెల్లుతున్న ఓ.ఎ.ఐ.ఎస్. నమూనాను అంతరిక్ష పరిశోధనా సంస్థల ఉమ్మడి సంఘం 2002లో వెలువరించింది. తాళపత్రాల భాషలో చెప్పవలెనంటే, ఆ నమూనా ప్రతి రచననూ మూడు కట్టలుగా భావిస్తుంది. కర్త అప్పగించిన కట్ట ఒకటి, భాండాగారం కాపాడే కట్ట ఒకటి, పాఠకునికి అందించే కట్ట ఒకటి. ఈ మూడూ ఒకటే కానక్కరలేదన్నది అందులోని ప్రధానభావం. దాచడం వేరు, చూపడం వేరు.

పాఠశాల ఈ భేదాన్ని మరచిపోవడం సులభం. బహుమతి పొందిన కథలను, మంచి దస్తూరితో తిరగవ్రాసిన వ్యాసాలను ఒక ఫోల్డరులో చేర్చి దానినే భాండాగారమనడం జరుగుతుంది. అది ప్రదర్శనశాల మాత్రమే. చిత్తుప్రతి, ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో దిద్దిన ప్రతి, శుద్ధప్రతి మూడూ నిలిచినప్పుడే బాలుని మనస్సు పనిచేసిన తీరు తెలుస్తుంది. ఎర్రసిరా ఏ మాటను కొట్టివేసినదో చూస్తే, ఆ కాలపు బడి ఏ భాషను భాషగా అంగీకరించినదో కూడా తెలుస్తుంది.

అమెరికాలోని ఎం.ఐ.టి., హ్యూలెట్ పాకార్డ్ సంస్థ కలసి 2002లో రూపొందించిన డీస్పేస్ ఇందుకు ఉచితంగా దొరికే సాధనం. మన విశ్వవిద్యాలయాలలోనూ అది వాడుకలో ఉన్నది. రచనల వివరాలను అది డబ్లిన్ కోర్ పద్ధతిలో నమోదు చేస్తుంది. శీర్షిక, కర్త, తేది, భాష మొదలైన 15 అంశాలు ఆ పద్ధతికి పునాది. ప్రచురిత గ్రంథానికి అవి చక్కగా సరిపోవును, బడివ్రాతకు చాలవు. ఏ తరగతిలో వ్రాసినది, ఎన్నవ చిత్తు, దిద్దినది ఎవరు అన్న గడులను పాఠశాల తానే చేర్చుకొనవలెను. ఒక రచనకు మరొక రచనతో గల సంబంధాన్ని తెలిపే గడి ఆ పదిహేనింటిలో ఉన్నది. దానిని ఖాళీగా వదలివేస్తే ఒకే కథ చిత్తు, శుద్ధప్రతి ఒకదానినొకటి ఎరుగని రెండు వ్రాతలుగా మిగులుతవి.

తెలుగు వ్రాతకు మరొక చిక్కు ఉన్నది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991లోనే చేరింది. అయినను అచ్చుపని చాలకాలం అను వంటి ఫాంటులలో సాగింది. వాటిలో కూర్చిన పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని గుర్తుల వరుసగా మారుతుంది. కనుక యూనికోడులోనికి మార్చిన పాఠంతోపాటు వ్రాసిన పుట బొమ్మను కూడా దాచవలెను. టైపుచేసేవారు మూలాన్ని దిద్దరాదు. శ్రీకాకుళపు బాలిక పలుకుబడినీ పాలమూరు బాలుని పలుకుబడినీ తప్పులుగా భావించి సవరిస్తే, భాండాగారమే మరొక ఎర్రసిరా అవుతుంది.

ఇక ప్రతుల మాట. రెండు డిస్కులలో ఏకకాలంలో వ్రాసే ఏర్పాటు, ఒక డిస్కు చెడినప్పుడు ఆదుకొంటుంది. కాని పొరపాటున ఒక ఫైలును తుడిచివేస్తే రెండవదానిలోనూ ఆ క్షణమే తుడుచుకొనిపోతుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరొక చోట అన్న నియమం ఏర్పడింది. పండితులచేత గ్రంథాలకు ప్రతులు వ్రాయించిన బ్రౌనుదొరకు ఈ నియమాన్ని వివరించనక్కరలేదు. పూర్వపు లేఖకులు 32 అక్షరాలను ఒక గ్రంథంగా లెక్కించి ప్రతి పరిమాణాన్ని చెప్పేవారు. నేడు ఎస్.హెచ్.ఎ.-256 పద్ధతిలో కంప్యూటరు ప్రతి ఫైలుకూ 64 గుర్తుల ముద్ర వేస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ఏటా ఒకసారి ఆ ముద్రలను సరిచూసే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించవలెను. సంకేతపదం ఒక్క ఉపాధ్యాయునికే తెలిసి, ఆయనకు బదిలీ అయితే, ఎంత మంచి సర్వరైనా తాళం పడిన బీరువాతో సమానం.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న చూపడానికి సంబంధించినది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు దాని కర్త. బడి ఉద్యోగి కాని విద్యార్థికి ఈ సూత్రం పూర్తిగా వర్తిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా ఎంచి, వారి సమాచారం వాడుకొనడానికి తలిదండ్రుల అంగీకారాన్ని కోరుతున్నది. చట్టాన్ని మించిన ధర్మం కూడా ఇందులో ఉన్నది. పన్నెండేండ్ల పిల్ల తండ్రి తాగుడును గురించి వ్యాసంలో వ్రాసి ఉండవచ్చును. ఆమె దానిని ఒక ఉపాధ్యాయురాలిని నమ్మి వ్రాసింది. లోకాన్ని నమ్మి కాదు. కనుక సర్వరులో చేరిన ప్రతి రచనా మొదట మూతపడియే ఉండవలెను. కర్త కోరినప్పుడు, పెద్దలు అంగీకరించినప్పుడు మాత్రమే తెరుచుకొనవలెను. పెరిగి పెద్దదైన తరువాత ఆమె తన వ్రాతను తీసివేయమంటే, ప్రదర్శన నుండియే గాక నిల్వ నుండి కూడా తీసివేయవలెను. అప్పుడు మూడు ప్రతులలోనూ వెదకి తీసే మార్గం నిర్మాణంలో ముందే ఉండవలెను.

దీనివల్ల రేపటి విమర్శకునికి కొంత నష్టం కలుగును. ఒక గొప్ప రచయిత్రి తొలి వ్రాతలు అతనికి దక్కకపోవచ్చును. ఆ నష్టాన్ని భరించడమే మర్యాద. తన వ్రాత తనదేనన్న నమ్మకం లేని బాలుడు భాండాగారం కొరకు మంచి దస్తూరితో అబద్ధాలు వ్రాస్తాడు. అటువంటి శుద్ధప్రతులు ఎన్ని వేలు దాచినా వాటిలో చదువదగినది మిగలదు. పెద్ద సర్వరు కొనలేని పల్లెబడి కూడా రెండు హార్డుడిస్కులతో, ఒక పట్టిక పుస్తకంతో, పిల్లలకు ఇచ్చిన మాటతో ఈ పనికి పూనుకొనవచ్చును. ఆ మూడింటిలో మొదట కావలసినది ఆ మాటయే.